బెంగళూరు నుంచి కొత్త కంట్రీ గాయకులను అనుసరించడం, కచేరీకి సిద్ధపడడం ఎలా

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు అమెరికా గ్రామీణ ప్రాంతాలలో పుట్టిన కంట్రీ సంగీతానికి దగ్గరయ్యే దారులు సాధారణంగా రెండు. డల్లాస్‌లోనో షార్లెట్‌లోనో ఉన్న అక్కాబావల ఇంటికి వెళ్లినప్పుడు కారు రేడియోలో వినడం ఒకటైతే, ఫోన్‌లో ఒక పాట అయిపోయాక దానంతటదే మోగిన మరో పాట మనసుకు పట్టుకోవడం రెండోది. ఒక కొత్త గొంతు అలా నచ్చాక చాలామంది చేసేది ఆ గాయని పాటలన్నీ వరసగా వినేయడమే. కంట్రీ గాయకుల ఎదుగుదల మాత్రం రికార్డింగులలో సగమే కనిపిస్తుంది, మిగతా సగం వేదిక మీద కనిపిస్తుంది. అందువల్ల అనుసరించదలచినవారు పాటల జాబితాతో పాటు వేదికల జాబితాను కూడా గమనించాలి.

మొదట ఆ గాయకుడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలుసుకోండి. కంట్రీ సంగీతానికి కేంద్రమైన, టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఈ మెట్లు ఇంచుమించు స్థిరపడి ఉన్నాయి. బ్రాడ్‌వే వీధిలోని బార్లలో గంటల తరబడి ఇతరుల పాటలు పాడుతూ శ్రోతలు డబ్బాలో వేసే డబ్బుతో బతకడం తొలి మెట్టు. ఆ తర్వాత పాటల ప్రచురణ సంస్థతో ఒప్పందం కుదిరి, రోజూ ఇద్దరు ముగ్గురు రచయితలతో కలిసి కూర్చుని పాటలు రాయడం మొదలవుతుంది. రికార్డు కంపెనీ చేర్చుకున్నాక గిటారు భుజాన వేసుకుని ఊరూరా రేడియో కేంద్రాలకు తిరగడం, పెద్ద గాయకుల కచేరీలకు ముందు అరగంట పాడడం, రేడియోలో ప్రసారమయ్యే ప్రసిద్ధ కంట్రీ కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద తొలిసారి నిలబడడం, చివరకు సొంత పేరుతో టికెట్లు అమ్మగలగడం వస్తాయి. ఇప్పుడు కొందరు ఫోన్‌లో తీసిన వీడియోలతోనే మధ్య మెట్లు దాటేస్తున్నారు. జాక్ బ్రయన్ అమెరికా నౌకాదళంలో పనిచేస్తూనే అలా పేరు తెచ్చుకున్నాడు. అయితే వీడియోతో వచ్చిన పేరును గంటన్నర కచేరీలో నిలబెట్టుకోవడం వేరే విద్య, దాన్ని వేదిక మీదే పరీక్షించాలి.

ఉదాహరణగా లేనీ విల్సన్ ప్రయాణాన్ని చూడవచ్చు. లూసియానాలోని బాస్కిన్ అనే చిన్న ఊరి నుంచి 2011లో ఒక క్యాంపర్ ట్రెయిలర్‌తో నాష్‌విల్ చేరి, ఏళ్ల తరబడి ఆ ట్రెయిలర్‌లోనే నివసించిన ఈ గాయని పాట రేడియో జాబితాలో మొదటి స్థానానికి చేరింది 2021లో. అక్కడి నుంచి 2023లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారానికీ, 2024లో ఆప్రీ సభ్యత్వానికీ చేరడానికి మూడేళ్లే పట్టింది. పదేళ్ల నిరీక్షణ తర్వాత మూడేళ్ల పరుగు అన్నమాట. ఆ మొదటి పదేళ్లలో చిన్న గదులలో విన్నవారికి దక్కినది తర్వాత స్టేడియంలో వేలమంది మధ్య విన్నవారికి దక్కదు. కాబట్టి నచ్చిన గాయకుణ్ణి పెద్దవాడయ్యేదాకా ఆగి చూద్దామనుకోవడం కంట్రీ విషయంలో తప్పు లెక్క అని నా అభిప్రాయం.

అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వారి జాబితాలను చదివేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ‘కంట్రీ ఎయిర్‌ప్లే’ జాబితా రేడియోలో పాట ఎంత వినబడుతోందో మాత్రమే చెబుతుంది. ‘హాట్ కంట్రీ సాంగ్స్’ జాబితా రేడియోతో పాటు ఆన్‌లైన్‌లో వినడాన్నీ, కొనుగోళ్లనూ కలిపి లెక్కిస్తుంది. రెండోదానిలో పైకి వచ్చి మొదటిదానిలో కనిపించని గాయకుడికి శ్రోతలు దొరికారు గానీ రేడియోవారు ఇంకా తలుపు తీయలేదని అర్థం చేసుకోవచ్చు.

ఇక బెంగళూరులో కూర్చునే ప్రత్యక్షంగా వినే మార్గం ఒకటుంది. 1925లో డబ్ల్యూఎస్ఎమ్ రేడియోలో మొదలైన గ్రాండ్ ఓల్ ఆప్రీ కార్యక్రమం ఇప్పటికీ ప్రసారమవుతోంది, దాన్ని ఆ కేంద్రం ఇంటర్నెట్‌లోనూ వినిపిస్తుంది. నాష్‌విల్‌లో శనివారం రాత్రి 7 గంటలకు మొదలయ్యే కార్యక్రమం మనకు ఆదివారం తెల్లవారుజామున 5:30కి, అక్కడి చలికాలంలో అయితే 6:30కి వస్తుంది. ఫిల్టర్ కాఫీ దిగే వేళకు ఆప్రీ మొదలవుతుందన్నమాట, అందుకోసం నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు. ఒకే రాత్రి తలపండిన గాయకులూ, తొలిసారి వేదికెక్కిన కుర్రవాళ్లూ రెండు మూడేసి పాటలు పాడి వెళ్తారు. ఆప్రీ 1943 నుంచి 1974 వరకు రైమన్ ఆడిటోరియంలో జరిగింది. అక్కడి నుంచి తరలినప్పుడు రైమన్ వేదికలోని చెక్కను గుండ్రంగా కోసి తెచ్చి కొత్త వేదిక మధ్యలో అమర్చారు. కొత్త గాయకులు ఆ వృత్తంలో నిలబడి మాట్లాడేటప్పుడు గొంతు వణకడం రేడియోలో స్పష్టంగా వినిపిస్తుంది. ఆ వణుకు తర్వాత మొదటి పాటను ఎలా అందుకున్నారన్నది శ్రద్ధగా వినండి.

కచేరీకి ముందు చెవిని కొంచెం సిద్ధం చేసుకుంటే ఆనందం రెట్టింపవుతుంది. పెడల్ స్టీల్ గిటారును కూర్చుని వాయిస్తారు. కాళ్లతో పెడళ్లు నొక్కుతూ, మోకాళ్లతో మీటలు కదుపుతూ తీగల శ్రుతిని మారుస్తారు గనుక ఒక స్వరం నిలిచి ఉండగానే దాని పక్క స్వరం మెల్లగా జారిపోవడం వినిపిస్తుంది. ఆ జారుడు ఎక్కడ వస్తుందో పట్టుకోగలిగితే పాట నిర్మాణం అర్థమవుతుంది. మరొకటి, నాష్‌విల్ వాద్యకారులు కార్డులను (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులను) అక్షరాలతో కాక 1, 4, 5 అని అంకెలతో రాసుకుంటారు. ఏ శ్రుతిలో పాడినా షడ్జమం షడ్జమమే అయినట్టు, గాయకుడు శ్రుతి మార్చినా అంకెలు మారవు. అందుకే అప్పటికప్పుడు అడిగిన పాటను బృందం తడబడకుండా అందుకోగలదు. వేదిక మీద బృంద నాయకుడు వేళ్లు చూపి పక్కవాళ్లకు తర్వాతి కార్డు చెప్పడం దగ్గరగా నిలబడినవారికి కనిపిస్తుంది.

నాష్‌విల్ నుంచి గాయకులు మన ఊరికి తరచుగా రారు, ఈ మాట దాచుకోనక్కరలేదు. డెహ్రాడూన్‌కు చెందిన బాబీ క్యాష్ వంటివారు మన దేశం నుంచే వెళ్లి ఆస్ట్రేలియాలోని టామ్‌వర్త్ కంట్రీ ఉత్సవంలో పాడి మెప్పించారు గనుక, వెతికితే ఇక్కడా కంట్రీ దొరుకుతుంది. వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ వంటి కూర్చుని వినే చోట్లలో గిటారు పట్టుకుని పాడే గాయకుల కార్యక్రమాలు చూడడం మంచి అభ్యాసం.

పెద్ద కచేరీ అయితే టికెట్ విషయంలో తొందరపడవద్దు, ఆలస్యమూ చేయవద్దు. బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ వంటి యాప్‌లలో ముందే ఖాతా తెరిచి, చెల్లింపు వివరాలు సరిచూసుకుని, అమ్మకం మొదలయ్యే నిమిషానికి సిద్ధంగా ఉండాలి. టికెట్ దొరకకపోతే తెలియనివారి దగ్గర రెండింతలు పెట్టి స్క్రీన్‌షాట్ కొనడం మాత్రం వద్దే వద్దు. అదే చిత్రం మరో పదిమంది చేతిలో ఉండవచ్చు, గేటు దగ్గర ఎవరిది ముందు స్కాన్ అయితే వారే లోపలికి వెళ్తారు. మనవాళ్లకు ముందు వరసంటే మోజు ఎక్కువ గానీ, ధ్వని కోసం వెళ్లేవారికి వేదిక ముందున్న ఖరీదైన ఆవరణకన్నా ధ్వని నియంత్రణ బల్ల దగ్గరి చోటే మేలు; ఆ ఇంజనీరు తన చెవులకు బాగున్నట్టే మొత్తం మైదానానికి ధ్వనిని సర్దుతాడు.

ఇంగ్లండ్ పాప్ గాయకుడు ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరి 8, 9 తేదీలలో పాడిన నైస్ గ్రౌండ్స్ తుమకూరు రోడ్డు మీద మాదావర దగ్గర ఉంది. రెండో రోజు గాయని శిల్పారావుతో కలిసి అతను ఒక తెలుగు సినిమా పాట అందుకోవడం అక్కడి తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇలాంటి చోటికి మారతహళ్లి నుంచో ఎలక్ట్రానిక్ సిటీ నుంచో కారులో బయలుదేరడం సాహసమే. 2024 నవంబరులో గ్రీన్ లైన్ మాదావర వరకు వచ్చింది గనుక మెట్రోనే నమ్ముకోండి, చివరి రైలు వేళ మాత్రం ముందే చూసుకోండి. బహిరంగ ప్రదేశాలలో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ల మీద నిషేధం ఉన్నందువల్ల కచేరీలు సాధారణంగా ఆలోపే ముగుస్తాయి. అంటే ముందు పాడే కొత్త గాయకుడు సూర్యాస్తమయానికే వేదిక ఎక్కేస్తాడు. ఎదుగుతున్నవారిని చూడాలనుకునేవారికి ఆ అరగంటే అసలైనది. జనం ఇంకా తిండి వరసలలో ఉండగా, తన పేరు తెలియనివారిని మూడు పాటల్లో తనవైపు తిప్పుకోవలసిన అవస్థ అతనిది. పాట పూర్తయ్యాక చాలామంది కొత్త గాయకులు టీషర్టులు అమ్మే బల్ల దగ్గరకు తామే వస్తారు. అప్పుడు సెల్ఫీ అడిగేముందు ఏ పాట నచ్చిందో ఒక్క మాట చెప్పండి.

పోటెత్తిన జనంలో మీ చేతులు మీ ఛాతీ ముందుకు తెచ్చుకునే చోటు లేదనిపించిన క్షణమే పక్కకు, వెనక్కు జరగాలి, పాట పూర్తయ్యేదాకా ఆగకూడదు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది మరణించాక ఈ జాగ్రత్త గురించి బెంగళూరువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. చెవుల సంగతి అంతగా పట్టించుకోరు. 85 డెసిబెల్స్ ధ్వనిని 8 గంటలు తట్టుకోవచ్చని లెక్కిస్తే, 100 డెసిబెల్స్ దగ్గర ఆ గడువు 15 నిమిషాలకు పడిపోతుంది. కచేరీల కోసం చేసిన ఇయర్‌ప్లగ్‌లు పాటను మూసేయవు, ధ్వని తీవ్రతను మాత్రమే తగ్గిస్తాయి. పిల్లలను తీసుకువెళ్తే వారికి చెవులు కప్పే మఫ్‌లు తప్పనిసరి.

ఎప్పుడైనా నాష్‌విల్ వెళ్లే అవకాశం వస్తే 1982లో మొదలైన బ్లూబర్డ్ కెఫేకి ముందుగానే చోటు కేటాయించుకోండి. సుమారు 90 మంది పట్టే ఆ గదిలో రచయితలు మధ్యలో గుండ్రంగా కూర్చుని, ఇతరులకు రాసిచ్చిన పాటలను తామే పాడుతూ వాటి కథ చెబుతారు. అక్కడ పాట మధ్యలో మాట్లాడితే ఊరుకోరు. బ్రాడ్‌వే బార్లకు వెళ్లేటప్పుడు జేబులో చిన్న నోట్లు పెట్టుకోండి, ఎందుకంటే అక్కడ పాడేవారికి ఆ రాత్రి సంపాదనలో ప్రధాన భాగం శ్రోతలు వేసే ఆ నోట్లే.