పాత వీధిని మళ్లీ కట్టేటప్పుడు మేడ మీద సంసారాలు నిలవాలంటే

విజయనగరంలో ఇళ్ల ప్లాన్లు గీసే పని నాది. గంటస్తంభం చుట్టుపక్కల పెంకుటిల్లు పడగొట్టి మూడంతస్తులు లేపుదామని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, కింద ఎన్ని షాపులు వస్తాయని. అది చెప్పడం నిమిషం పని. పైన ఎవరైనా కాపురం ఉంటారా అన్నది అంత తొందరగా తేలదు. వీధి మొత్తానికి ప్లాన్ వేసినా చిక్కు అక్కడే వస్తుంది.

ముందు లెక్క రాసుకోండి. ఊళ్లో ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్ మ్యాపులో నివాసానికి పసుపు రంగు, వాణిజ్యానికి నీలం వేస్తారు. కొత్త లేఅవుట్లకు అది చాలు. మన పాత వీధుల్లో మాత్రం కింద కొట్టు, పైన ఇల్లు, కాబట్టి ఒక్కో డోర్ నంబరుకూ అంతస్తుల వారీగా రాయాలి: ఇల్లా, కొట్టా, గొడౌనా, ఖాళీయా. పగటిపూట చూస్తే అంతా బజారులాగే కనిపిస్తుంది. షట్టర్లు దించేశాక ఓసారి నడవండి, పైన ఎన్ని ఇళ్లలో దీపాలున్నాయో తెలుస్తుంది. కరెంటు మీటర్లూ చూడండి, ఇంటికి ఒక కేటగిరీ, షాపుకి ఒక కేటగిరీ ఉంటుంది.

గొడౌన్‌ని షాపుతో కలిపి లెక్కించకండి. నా లెక్కలో పాత వీధుల్లో ఇళ్లను తినేస్తున్నది షాపులు కాదు, గొడౌన్లే. బట్టల కొట్టాయన పై వాటా అద్దెకు తీసుకుని సరుకు నింపుతాడు. అద్దె నెల నెలా వస్తుంది, నీళ్లు రాలేదని ఫోన్ చేసే అద్దెవాళ్లుండరు, ఓనరుకి హాయి. అలా నాలుగు మేడలు సరుకుతో నిండితే అర్ధరాత్రి లారీ దిగుమతులు మొదలవుతాయి. ఏ రాత్రో నిప్పంటుకుంటే చూసి కేకేసే మనిషి కూడా పైన ఉండడు.

దీనికి మందు మెట్లలో ఉంది. పైకి వెళ్లాలంటే షాపులోంచో, షాపు వెనకనుంచో పోవాలంటే ఆ వాటాలోకి ఏ కుటుంబమూ రాదు. రాత్రి షాపు మూసేశాక ఆడపిల్ల ట్యూషన్ నుంచి ఎలా లోపలికి వస్తుంది? కాబట్టి మెట్లకు వీధివైపు సొంత తలుపు, లైటు ఉండాలి. ఓనర్లు ఇక్కడే బేరం పెడతారు. పదిహేనడుగుల ముఖం ఉన్న స్థలంలో నాలుగడుగులు మెట్లకు పోతే షాపు అద్దె పడిపోతుందని వాళ్ల బాధ. అబద్ధం కాదు కూడా. అందుకే పక్కపక్క ఇద్దరు ఓనర్లకు ఉమ్మడి గోడ దగ్గర ఒకే మెట్లు పెట్టుకోమని చెబుతాను. చెరి రెండడుగులు పోతాయి, అంతే. ఆ ఒప్పందం రిజిస్టర్ చేయించాలి సుమా, నోటిమాట మీద కడితే మనవల కాలానికి కోర్టు కేసవుతుంది.

తర్వాత, కింద ఏ వ్యాపారమన్నది. ‘కమర్షియల్’ అని ఒక్క ముక్కలో వదిలేస్తే మందుల షాపూ వెల్డింగ్ షాపూ ఒకటే అయిపోతాయి. టైలరు, కిరాణా, మెడికల్ షాపు ఇంటి కింద బాగానే ఇముడుతాయి. వెల్డింగు, గ్యాస్ సిలిండర్లు, పొద్దస్తమానం పొయ్యి మండే హోటలు కుదరవు.

పైడితల్లి గుడి నుంచి కోట దాకా వీధిలో బాల్కనీలు, బోర్డులు ఎంత ముందుకు రావచ్చో ముందే గీత గీసుకోవాలి. పైడితల్లి అమ్మవారి పండగ మంగళవారం నాడు సిరిమాను (పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను) మూడుసార్లు తిరిగే దారి అది. (ఆ మంగళవారం మేడ ఉన్నవాళ్ల ఇంటికి చుట్టాలు ఎంతమంది దిగుతారో చెప్పక్కర్లేదు.)

ఇక మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరం రాయడం. విజయనగరం వీఎంఆర్‌డీఏ (విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంది. ముసాయిదా ప్లాన్ బయటికొచ్చాక గడువులోగా కాగితం మీద రాసి ఇచ్చి, రశీదు తీసుకోండి. మీటింగులో అరిచినది ఏ ఫైల్లోకీ ఎక్కదు. ‘మా వీధి కమర్షియల్ చేయొద్దు’ అని రాస్తే పక్కన పడేస్తారు, సగం ఓనర్లు మీ మీదకే వస్తారు. ఇలా రాయండి: ‘ఫలానా సర్వే నంబరు, ఫలానా వీధి. కింది అంతస్తులో ఈ జాబితాలోని వ్యాపారాలకే అనుమతివ్వాలి. మొదటి అంతస్తు నుంచి నివాసమే ఉండాలి, సరుకు నిల్వ కూడదు. ప్రతి భవనానికీ వీధివైపు విడిగా మెట్ల తలుపు లేనిదే ప్లాన్ ఇవ్వకూడదు.’ అంతస్తుల పట్టిక జతచేసి, వీధిలో షాపులవాళ్ల సంతకాలు కూడా తీసుకోండి.