ఇంగ్లండ్‌లో పిల్లల కోసం కౌన్సిల్‌ని ఏం అడగొచ్చు, ఎలా అడగాలి

వీసాలో ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ నిధులు వాడుకోకూడదు) అన్న మాట చూసి చాలా తెలుగు కుటుంబాలు కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) గడప తొక్కవు. నిజానికి పబ్లిక్ ఫండ్స్ అంటే ఒక జాబితా, అంతే. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్ (డీఎల్ఏ), కేరర్స్ అలవెన్స్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ ఇళ్ల కేటాయింపు, కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ వంటివి అందులో ఉన్నాయి. బడి, బడిలో ప్రత్యేక అవసరాల సాయం, ఫ్యామిలీ హబ్ (కుటుంబాలకు సలహా, సాయం దొరికే కేంద్రం), సోషల్ వర్కర్ చేసే అసెస్‌మెంట్ అందులో లేవు. వాటిని వాడుకున్నందువల్ల వీసా షరతు తప్పినట్టు కాదు.

జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. బిడ్డకు మాటలు ఆలస్యమని తెలియగానే ఎవరో ఒకరు మంచి మనసుతోనే ‘డీఎల్ఏకి అప్లై చేయండి’ అంటారు. అది జాబితాలో ఉంది. మీ వీసాకు ఆ షరతు ఉంటే ఫారం నింపకండి. బిడ్డకు బ్రిటిష్ పౌరసత్వం ఉంటే లెక్క మారొచ్చు కాబట్టి ముందు ఇమ్మిగ్రేషన్ సలహాదారుని అడగండి.

ఇక్కడ రాసిందంతా ఇంగ్లండ్‌కే. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ పద్ధతులు వేరు.

ఏ కౌన్సిల్?

హారో, హౌన్స్‌లో, రెడింగ్ లాంటి చోట్ల అన్ని పనులకూ ఒకటే కౌన్సిల్. వాట్‌ఫర్డ్‌లో అలా కాదు: కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు వాట్‌ఫర్డ్ బరో పంపుతుంది, పిల్లల సేవలు, బడి సీట్లు మాత్రం హార్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్ చూస్తుంది. బిల్లు మీదున్న చిరునామాకు పంపిన ఉత్తరం అక్కడే వారాల తరబడి పడుండొచ్చు. గవ్.యూకే సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి, రెండు పేర్లు వస్తే కౌంటీని పట్టుకోండి.

బడికి ముందు

మూడేళ్లు నిండాక వచ్చే టర్మ్ నుంచి వారానికి 15 గంటల నర్సరీ ఉచితం. ఏ వీసా అయినా సరే. టర్మ్‌లు జనవరి 1, ఏప్రిల్ 1, సెప్టెంబర్ 1న మొదలవుతాయి. ఏప్రిల్ 2న పుట్టిన బిడ్డ సెప్టెంబర్ దాకా ఆగాల్సిందే. 15 గంటలన్నది ఏడాదికి 38 వారాల లెక్క, అంటే 570 గంటలు. నర్సరీ దాన్ని ఏడాది పొడవునా పరిస్తే వారానికి 11 గంటలే కనిపిస్తాయి. అది మోసం కాదు. భోజనం, డైపర్ల డబ్బు కడితేనే ఉచిత సీటు అంటే మాత్రం తప్పు, కౌన్సిల్ ఫ్యామిలీ ఇన్ఫర్మేషన్ సర్వీస్‌కి చెప్పండి. ఉద్యోగస్తులకిచ్చే 30 గంటలు కావాలంటే తల్లిదండ్రుల్లో కనీసం ఒక్కరి వీసా అయినా ఆ షరతు లేనిదై ఉండాలి.

రిసెప్షన్ (బడిలో మొట్టమొదటి తరగతి) సీటుకు జనవరి 15, సెకండరీకి అక్టోబర్ 31 గడువు. పక్కనే బడి ఉందని నింపాదిగా ఉంటే సీటు నాలుగు మైళ్ల అవతల రావచ్చు.

బిడ్డ వెనకబడుతున్నాడనిపిస్తే

రెండేళ్ల నుంచి రెండున్నరేళ్ల మధ్య హెల్త్ విజిటర్ (చిన్నపిల్లల ఎదుగుదల చూసే నర్సు) చూసే అపాయింట్‌మెంట్ మానొద్దు. ‘ఇంట్లో వేరే భాష కదా, ఇంగ్లిష్ వస్తే సర్దుకుంటాడు’ అని ఎవరైనా అంటే ఒప్పేసుకోకండి. ‘చెప్పులు తెచ్చి తలుపు దగ్గర పెట్టు’ అంటే రెండు పనులూ చేస్తున్నాడా? తెలుగులో ఎన్ని మాటలు కలిపి అంటున్నాడు? తెలుగులోనూ కష్టమైతే ఇంగ్లిష్ రాకపోవడం దానికి కారణం కాదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు కాబట్టి ఇంట్లో తెలుగు మానెయ్యాల్సిన పనీ లేదు. అపాయింట్‌మెంట్‌కి ముందే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

బడి తన వంతు సాయం చేసినా చాలకపోతే ఈహెచ్‌సీ (ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ కేర్) ప్లాన్ ఉంది. 25 ఏళ్ల వయసు దాకా వర్తించే, చట్టబద్ధమైన పత్రం ఇది. దరఖాస్తు తల్లిదండ్రులే పెట్టొచ్చు. ‘బడే పెట్టాలి’, ‘డయాగ్నసిస్ రావాలి’, ‘బడి ముందు 6,000 పౌండ్లు ఖర్చు చూపాలి’ అన్న మూడు మాటలూ తరచూ వినిపిస్తాయి. మూడూ చట్టంలో లేవు. చట్టం అడిగేది రెండే: బిడ్డకు ప్రత్యేక విద్యా అవసరాలు ఉన్నాయా, లేదా ఉండే అవకాశం ఉందా, ప్లాన్ ద్వారా సాయం ఇవ్వాల్సిన అవసరం రావచ్చా.

కౌన్సిల్‌లో ప్రత్యేక విద్యా అవసరాలు చూసే సెండ్ టీమ్‌కి ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో అడిగితే తేదీకి ఆధారం ఉండదు. ‘చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ యాక్ట్ 2014, సెక్షన్ 36(1) కింద ఈహెచ్‌సీ నీడ్స్ అసెస్‌మెంట్ కోరుతున్నాను’ అన్న వాక్యం మొదట్లోనే ఉండాలి. తర్వాత బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బడి, ఇబ్బందులు. ‘చదువులో వెనకబడ్డాడు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘రెండో తరగతిలో ఉన్నాడు, మూడక్షరాల మాట చదవలేడు, వారానికి మూడుసార్లు క్లాసులోంచి బయటికి పంపుతున్నారు’ అని రాయండి. బడి రిపోర్టులు, స్పీచ్ థెరపీ ఉత్తరాలు జత చేయండి. ప్రైవేట్ సైకాలజిస్ట్‌కి డబ్బు పోయక్కర్లేదు. అసెస్‌మెంట్‌కి ఒప్పుకుంటే ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ సలహా కౌన్సిలే తెప్పించాలి.

మీ ఈమెయిల్ అందిన రోజు నుంచి 6 వారాల్లో అసెస్‌మెంట్ చేస్తారో లేదో కౌన్సిల్ చెప్పాలి. మొత్తం పని 20 వారాల్లో ముగియాలి. చాలాచోట్ల ఆలస్యమవుతుంది, అందుకే ఈ రెండు తేదీలూ క్యాలెండర్‌లో రాసుకుని, దాటిన మర్నాడే లిఖితంగా గుర్తుచేయండి.

డ్రాఫ్ట్ ప్లాన్ చేతికొచ్చాక కనీసం 15 రోజులు గడువిస్తారు. అందులో సెక్షన్ బీ, ఎఫ్ మీదే కూర్చోండి. బీలో బిడ్డ అవసరాలు, ఎఫ్‌లో ఇచ్చే సాయం. బీలో ఉన్న ప్రతి అవసరానికీ ఎఫ్‌లో జవాబుండాలి. ‘అవసరాన్ని బట్టి’, ‘అవకాశం కల్పిస్తారు’ లాంటి మాటలు కొట్టేయించండి. ‘వారానికి ఒకసారి, 45 నిమిషాలు, స్పీచ్ థెరపిస్ట్, విడిగా’ అని ఉంటేనే రేపు ఇవ్వకపోతే నిలదీయగలరు. సెక్షన్ ఐ ఖాళీగా వస్తుంది, అది బడి పేరుకి. మీకు కావలసిన బడిని ఈ గడువులోనే రాసివ్వండి.

కాదన్నారనుకోండి. ఉత్తరం తేదీ నుంచి 2 నెలలు, లేదా మీడియేషన్ (మధ్యవర్తిత్వం) సర్టిఫికెట్ వచ్చాక 1 నెల, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఫీజు లేదు. మీడియేషన్ వద్దన్నా సర్టిఫికెట్ మాత్రం తీసుకోవాలి, ఒక్క ఫోన్ చాలు. బడి పేరు ఒక్కదాని మీదే గొడవైతే అదీ అక్కర్లేదు. కాగితాలు చూసిపెట్టడానికి ప్రతి కౌన్సిల్ పరిధిలోనూ సెండియాస్ అనే ఉచిత సలహా సేవ ఉంటుంది.

ఇంకొన్ని

ఇంట్లో పరిస్థితి బాగాలేనప్పుడు ‘ఎర్లీ హెల్ప్’ (సమస్య ముదరకముందే కుటుంబానికిచ్చే సాయం) అడగొచ్చు. అది మీ సమ్మతితోనే నడుస్తుంది, మధ్యలో వద్దనొచ్చు. సోషల్ సర్వీసెస్ పిల్లల్ని లాక్కుపోతారన్న భయంతో దీన్ని వదులుకోవద్దు. వైకల్యం ఉన్న బిడ్డకు షార్ట్ బ్రేక్స్ (బిడ్డను కాసేపు వేరేవాళ్లు చూసుకుని ఇంట్లోవాళ్లకు విరామం ఇవ్వడం) కావాలంటే చిల్డ్రన్ యాక్ట్ 1989 సెక్షన్ 17 కింద అసెస్‌మెంట్ అడగాలి, 45 పనిదినాల్లో ముగించాలి. తల్లికో నాన్నకో జబ్బు చేసి చూసుకునే భారం పిల్లల మీద పడితే యంగ్ కేరర్ అసెస్‌మెంట్ ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లడం కోసం టర్మ్ మధ్యలో బడి మాన్పిస్తే జరిమానా వేసేదీ కౌన్సిలే. పది బడి వారాల్లో 5 రోజులు అనుమతి లేకుండా మానితే తల్లికీ తండ్రికీ విడివిడిగా, బిడ్డకింత చొప్పున: 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, 28 రోజుల్లో అయితే 160. ఇద్దరు పిల్లలుంటే 80 చొప్పున కూడా 320.