కెనడా పోతున్న మనోళ్లకు: బేస్‌మెంట్‌లో గుయ్‌మనే ఆ డబ్బాను ఆపకండి

నల్గొండలో మా రామగిరి చుట్టుపక్కల నుంచే ఈసారి ముగ్గురు కెనడా పోతున్నారు. తొక్కులు ఎన్ని కిలోలు కట్టుకోవాలి, బ్యాంకు ఖాతా ఎట్లా తెరవాలి, ఇవన్నీ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరూ చెప్పని ముచ్చట ఒకటి నేను చెప్తా, ఎందుకంటే మొదటి చలికాలం నాకు దాంతోనే తిప్పలయింది.

అక్కడ చాలా కొత్త ఇళ్లల్లో, బేస్‌మెంట్‌లో, అంటే నేల కింది అంతస్తులో, ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ పక్కన, పెద్ద సూట్‌కేసంత డబ్బా ఒకటి ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే అల్మారాలోనో సీలింగ్‌లోనో దాక్కొని ఉంటుంది. పేరు ఈఆర్‌వీ, అంటే ఎనర్జీ రికవరీ వెంటిలేటర్. మన దగ్గర కిటికీ సందులు, వెంటిలేటర్లు, తలుపు కింద ఖాళీ, ఎటు నుంచంటే అటు నుంచి గాలి వస్తుంది. అక్కడ వేడి బయటికి పోవద్దని ఇంటిని బిగించి కడతారు, అందుకే లోపలి గాలి లోపలే మురుగుతుంది. ఈ డబ్బా ఆ గాలిని బయటికి తోసి బయటి గాలిని లోపలికి తెస్తుంది. మధ్యలో కోర్ అనే భాగంలో రెండూ కలవకుండా పక్కపక్క నుంచే పోతాయి. చలికాలంలో బయటికి పోయే గాలి తన వేడిని, కొంత తేమను వచ్చే గాలికి ఇచ్చిపోతుంది. డబ్బా మీద హెచ్‌ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్) అని ఉంటే అది తేమను ఇవ్వదు, వేడినే ఇస్తుంది.

మనోళ్లు చేసే మొదటి పని దీన్ని బంద్ చేయడం. కరెంటు బిల్లు, చప్పుడు, చల్లగాలి వస్తోందన్న భయం! నేనూ చేశాను. బయట మైనస్ 20, లోపల అన్నం కుక్కర్, స్నానాల ఆవిరి, ఆరేసిన బట్టలు. నెల తిరిగేసరికి పొద్దున్నే కిటికీ అద్దాల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి, బీరువా వెనక గోడకు నల్లటి బూజు. ఓనర్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాటే "మెషీన్ ఆన్‌లో ఉందా?"

దీని మెయింటెనెన్స్ అంటే టెన్షన్ పడకండి. ఎండాకాలం రాగానే మనం కూలర్ విప్పి, మన ఉప్పునీళ్లకు సున్నం పట్టి గట్టిపడ్డ గడ్డిని మారుస్తాం కదా, దాదాపు అంతే పని. ముందు ప్లగ్ పీకండి, ఇది మర్చిపోవద్దు. డబ్బా తలుపు తీస్తే రెండు ఫిల్టర్లు కనబడతాయి. రెండు మూడు నెలలకోసారి బయటికి తీసి వ్యాక్యూమ్ కొట్టండి, కడిగే రకమైతే గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి. కోర్‌ను మాత్రం ఏడాదికోసారి చూస్తే చాలు. తీసేముందు ఏ వైపు పైకుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే నాలాగా అరగంట తిప్పి తిప్పి చూడాల్సి వస్తుంది. ఇంకోమాట, హెచ్‌ఆర్‌వీ కోర్‌ను చాలావరకు సబ్బునీళ్లలో నానబెట్టొచ్చు గానీ ఈఆర్‌వీ కోర్‌లో కాగితం లాంటి పొర ఉంటుంది, నీళ్లలో ముంచితే పాడయ్యే రకాలున్నాయి. మాన్యువల్‌లో కడగొచ్చని రాసి ఉంటేనే కడగండి, లేకపోతే వ్యాక్యూమ్‌తో పైపైన దుమ్ము తీయండి.

కింద సన్న పైపు ఉంటే అది నీళ్లు పోయేది. లోపలి పళ్లెంలో ఒక లోటా నీళ్లు పోసి, మోరీలోకి సాఫీగా పోతున్నాయా చూడండి. చాలా ఈఆర్‌వీలకు ఈ పైపే ఉండదు, కాబట్టి లేదని కంగారు పడకండి.

అందరూ మరిచేది బయటి గోడ. అక్కడ రెండు మూతలుంటాయి, ఒకటి గాలి పీల్చేది, ఒకటి వదిలేది. పీల్చేదాని జాలీకి ఆకులు, దూది లాంటి నూగు, చలికాలం మంచు అడ్డం పడతాయి. పెద్ద మంచు పడిన మర్నాడు పార తీసుకొని వాకిలి ఊడ్చేటప్పుడు అటు కూడా ఓసారి పోయి రండి. దాని ముందు కారు స్టార్ట్ చేసి వదిలేయకండి, పొగంతా నేరుగా పడకగదిలోకే వస్తుంది. అడవులు తగలబడి పొగ కమ్మే రోజుల్లో మాత్రం మెషీన్‌ను కాసేపు ఆపడమో, లోపలి గాలే తిరిగే సెట్టింగ్‌లో పెట్టడమో మంచిది.

ఫిల్టర్లు మార్చినా గదులు ఉక్కపోసినట్టుంటే లోపలికొచ్చే గాలి, బయటికిపోయే గాలి సరితూగడం లేదేమో. అది టెక్నీషియన్ పని, మనం చేయి పెట్టొద్దు. అద్దె ఇల్లయితే ఫిల్టర్ ఎవరు మార్చాలో లీజు మీద సంతకం పెట్టేముందే అడగండి.

పోపు సంగతి కూడా చెప్పాలి. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు పొయ్యి పైనున్న హుడ్ ఫ్యాన్ వేయండి, ఘాటు, నూనె ఆవిరి లాగడం దాని పని. ఈఆర్‌వీ మీదే వదిలేస్తే ఆ నూనెంతా ఫిల్టర్‌కు పట్టి జిగటవుతుంది. మా అమ్మ వచ్చిన ఆరు నెలల్లో నేను నాలుగుసార్లు కడిగాను.