డైనమో చెడిందా, బ్యాటరీ చెడిందా: కొలిచి తేల్చుకోవడం, సరిగ్గా మార్చుకోవడం

ఇంజిను నడుస్తుండగా మీటర్ల దగ్గర ఎర్రటి బ్యాటరీ బొమ్మ వెలిగితే మనలో చాలామంది నేరుగా బ్యాటరీ దుకాణానికి వెళ్తారు. నేనూ అలాగే వెళ్ళాను. ఒక వానాకాలపు రాత్రి టెక్కలి నుంచి నరసన్నపేట వస్తుండగా హెడ్‌లైట్లు మసకబారాయి, వైపర్లు ఈడ్చుకుంటూ తిరిగాయి, కోటబొమ్మాళి దగ్గర బండి ఆగిపోయింది. మరునాడు కొత్త బ్యాటరీ వేయించాను. మూడో రోజుకు అదీ దిగిపోయింది. చెడింది బ్యాటరీ కాదు, దానికి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్. మన మెకానిక్కులు డైనమో అని పిలిచేది దీనినే. డిజిటల్ మల్టీమీటరుతో ఒక్క పావుగంట కొలిచి ఉంటే ఆ బ్యాటరీ ఖర్చు తప్పేది. కనుక ఏ భాగాన్నయినా కొనడానికి ముందు కొలవండి.

ముందుగా ఆ ఎర్ర దీపం సంగతి. అది బ్యాటరీ ఆరోగ్యాన్ని చెప్పదు, చార్జింగ్ అందడం లేదని మాత్రమే చెబుతుంది. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజిను అందుకోగానే ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగకపోవడం కూడా లోపమే; చాలా వాహనాలలో డైనమో మేల్కొనడానికి కావలసిన తొలి కరెంటు ఆ దీపం గుండానే వెళ్తుంది కాబట్టి, బల్బు మాడిపోతే మంచి డైనమో కూడా చార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు. నిలిపి ఉంచిన బండిలో మసకగా ఉన్న లైట్లు యాక్సిలరేటర్ తొక్కగానే ప్రకాశించడం, ఇంజిను వేగంతో పాటు పెరిగే ఈల వంటి శబ్దం, బానెట్ కింద కాలిన వాసన కూడా అటువైపే వేలు చూపుతాయి.

కొలతకు మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత, వీలైతే ఉదయాన్నే, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య కొలిస్తే నిండు బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే సగం ఖాళీ అయినట్టు, 12 కంటే తక్కువ అంటే దిగిపోయినట్టు. దిగిపోయిన బ్యాటరీని విడిగా చార్జరుతో నింపిన తరువాతే మిగతా పరీక్షలు చేయండి, లేకపోతే అంకెలు మిమ్మల్ని దారి తప్పిస్తాయి.

ఇప్పుడు ఇంజిను స్టార్ట్ చేసి అవే టెర్మినళ్ల మీద మళ్ళీ కొలవండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు, వైపర్లు అన్నీ వేసి, ఇంజినును నిమిషానికి 2000 చుట్లకు పెంచినప్పుడు కూడా అది 13.5 కంటే దిగకూడదు. ఆగి ఉన్నప్పటి అంకే కదలకుండా ఉంటే చార్జింగ్ లేదు. 15 వోల్టులు దాటితే, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ (మన దుకాణాలలో కటౌట్ అంటారు) చెడింది; అది బ్యాటరీలోని నీటిని మరిగించి, కుళ్ళిన గుడ్డు వాసన పుట్టించి, కొద్ది రోజులలోనే బ్యాటరీని చంపుతుంది. కొత్త తరహా వాహనాలు కొన్నిటిలో బ్యాటరీ నిండగానే కంప్యూటరు చార్జింగును తానే తగ్గిస్తుంది గనుక, వాటిలో లైట్లన్నీ వేసి చూడకుండా తీర్పు చెప్పకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో మంచిదని తేల్చే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. దానిని ఎవ్వరినీ చేయనివ్వకండి. బ్యాటరీ ఒక్కసారిగా తెగిపోతే వోల్టేజీ క్షణంలో ఎగిసి, డైనమోలోని డయోడ్లను (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలను), బండిలోని ఎలక్ట్రానిక్ పరికరాలను కాల్చేయవచ్చు. పరీక్షకు ముందు మంచిగా ఉన్న డైనమో, పరీక్ష తరువాత చెడిపోయి ఉండవచ్చు.

చార్జింగ్ లేదని తేలినా డైనమోను వెంటనే నిందించకూడదు. మొదట ఇంజిను ఆపి బెల్టును చూడండి: పగుళ్ళు, నూనె మరకలు, అద్దంలా మెరిసే అంచులు ఉంటే అది జారుతోందన్నమాట. తరువాత టెర్మినళ్ల మీది తెల్లని బూజు, ఇంజిను నుంచి ఛాసిస్‌కు వెళ్ళే ఎర్తు పట్టీ, ప్రధాన ఫ్యూజు చూడండి. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాలలో తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల ఈ అతుకులే ముందు తుప్పు పడతాయి, పైకి బాగానే కనబడే తీగ లోపల పచ్చగా పొడి అయి ఉంటుంది. దీనిని కంటితో కాక మీటరుతో పట్టాలి. ఇంజిను నడుస్తూ లైట్లన్నీ వెలుగుతుండగా, మీటరు ఒక ముల్లును డైనమో వెనుక లావుపాటి తీగ బిగించిన బోల్టు మీద, రెండో ముల్లును బ్యాటరీ ప్లస్ మీద ఉంచండి, 0.3 వోల్టుల లోపు రావాలి. అలాగే డైనమో శరీరానికి, బ్యాటరీ మైనస్‌కు మధ్య 0.2 లోపు ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే డైనమో ఇస్తున్నది దారిలోనే పోతోంది. తీగ మార్చి, అతుకు గీకి శుభ్రం చేస్తే పని ముగియవచ్చు. మీటరు తీగలు, చేతులు, కండువా తిరిగే బెల్టుకు దూరంగా ఉండాలి.

డయోడ్ల పరీక్ష చాలామంది చేయరు, కానీ రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బండ్లకు ఇదే ముఖ్యం. మీటరును ఏసీ వోల్టులకు మార్చి, ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ మీద కొలిస్తే 0.5 కంటే చాలా తక్కువ రావాలి. దాటితే డయోడు పోయినట్టే. రాత్రంతా నిలిపిన బండిలో ఉదయం డైనమోను తాకితే గోరువెచ్చగా ఉండడం కూడా, కరెంటు దాని గుండా వెనక్కి కారుతోందనడానికి గుర్తు.

లోపం డైనమోలోనే ఉందని నిర్ధారణ అయ్యాక, పూర్తిగా మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. కార్బన్లు (డైనమోలో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు) అరిగినా, కటౌట్ పోయినా, బేరింగు అరుస్తున్నా నమ్మకమైన ఆటో ఎలక్ట్రీషియన్ చేత బాగుచేయించడమే మేలని నా అభిప్రాయం. వైండింగు (లోపలి రాగి తీగ చుట్లు) కాలినా, కార్బన్లు రాసుకునే స్లిప్ రింగులు గాడి పడినా మార్చడమే మంచిది. కొత్తదానికీ పాతదానికీ ఆంపియర్ల సామర్థ్యం, పుల్లీ వ్యాసం, పుల్లీ గాళ్ళ సంఖ్య, ప్లగ్గు ఆకారం, బోల్టు చెవుల దూరం ఒకేలా ఉండాలి. పాతదానిని దుకాణానికి తీసుకువెళ్ళి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

విప్పడానికి ముందు ఇంజిను చల్లారాలి, తాళం తీసేయాలి. మొట్టమొదట బ్యాటరీ మైనస్ తీగను విప్పండి. డైనమో వెనుక లావుపాటి తీగలో తాళం తీసినా కరెంటు ఉంటుంది. మైనస్ విప్పకుండా పానా వేస్తే, అది ఇంజినుకు తగిలిన క్షణంలో నిప్పులు చిమ్మి చేయి కాలుతుంది. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫోనులో ఫొటో తీసుకుని, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరును వదులు చేసి బెల్టు తీయండి. తరువాత ప్లగ్గు, లావుపాటి తీగ, ఆపైన బిగింపు బోల్టులు విప్పండి. డైనమో బరువైనది, చివరి బోల్టు తీసేటప్పుడు ఒక చేత్తో కింద పట్టుకోండి.

పాత డీజిల్ జీపులు, పికప్ వాహనాలు కొన్నిటిలో బ్రేకు బూస్టరుకు (పెడల్ తొక్కిన బలాన్ని పెంచే భాగానికి) కావలసిన వాక్యూమ్ పంపు డైనమో వెనుకే ఉంటుంది. అలాంటి బండికి నూనె గొట్టాలు, వాక్యూమ్ గొట్టం కూడా విప్పాలి. మళ్ళీ బిగించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవి వేయాలి, పంపులో కొద్దిగా ఇంజిను నూనె పోయాలి. సాలూరు దాటి ఘాటు ఎక్కి దిగే వాహనాలలో ఈ పని అశ్రద్ధగా చేస్తే నష్టం లైట్లకు కాదు, బ్రేకులకు.

బిగించేటప్పుడు లావుపాటి తీగ నట్టును గట్టిగా బిగించి రబ్బరు టోపీ తొడగండి, ఆ నట్టు వదులైతే అక్కడే వేడెక్కి కాలుతుంది. వి ఆకారపు బెల్టు అయితే రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కినప్పుడు సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే డైనమో బేరింగు, వాటర్ పంపు బేరింగు రెండూ త్వరగా అరుగుతాయి. మైనస్ తీగను అన్నిటికంటే చివర కలపండి. దిగిపోయిన బ్యాటరీతోనే కొత్త డైనమోను నడిపించకండి. ఖాళీ బ్యాటరీని నింపే భారంతో అది మితిమీరి వేడెక్కుతుంది.

స్టార్ట్ చేశాక లైట్లు లేకుండా ఒకసారి, అన్నీ వేసి ఒకసారి వోల్టులు కొలిచి, ఆ రెండు అంకెలను తేదీతో సర్వీసు పుస్తకంలో రాసుకోండి. వాక్యూమ్ పంపు ఉన్న బండి అయితే, ఆపి ఉండగా బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, తొక్కి పట్టుకునే ఇంజిను స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి, దిగకపోతే బండిని రోడ్డెక్కించకండి. కొత్త బెల్టు వేసి ఉంటే, కొన్ని రోజులు తిరిగాక అది సాగి ఉంటుంది కనుక బిగువు మరొకసారి సరిచూసుకోవాలి.