లెచ్చేలో ఒక్క రోజే ఉంటే ఇలా చూడండి

బొమ్మలు గీసే అలవాటున్న దాన్ని, ఏ ఊరెళ్లినా నా కళ్లు ముందు గోడల మీదే పడతాయి. అలాంటివాళ్లకు దక్షిణ ఇటలీలో లెచ్చేని మించిన ఊరు లేదని నా గట్టి నమ్మకం. బ్రిండిసి ఎయిర్‌పోర్టులో దిగి ఆ ఊరి రైల్వే స్టేషన్‌కు వెళ్తే, అక్కణ్ణుంచి రైల్లో అరగంట ప్రయాణం. లెచ్చే స్టేషన్ నుంచి పాత ఊళ్లోకి నడిచే వెళ్లొచ్చు.

వెళ్లేముందు ఇక్కడి రాయి సంగతి తెలియాలి. ఈ సున్నపురాయి గనిలోంచి తీసినప్పుడు బాగా మెత్తగా ఉంటుంది, ఉలి ఎటు తిప్పితే అటు లొంగుతుంది. గాలి తగిలేకొద్దీ గట్టిపడి తేనెరంగుకు వస్తుంది. ఇక్కడి శిల్పులు గోడల్ని ఇంత దట్టంగా నింపగలిగింది దీనివల్లే.

పొద్దున్నే శాంటా క్రోచే చర్చి ముందు నిలబడండి. 1549లో మొదలైన పని 1695 దాకా సాగింది. చూపు కింది నుంచి మొదలుపెట్టండి. కింది భాగం స్తంభాలతో నెమ్మదిగా ఉంటుంది. దాని పైన బాల్కనీని మోస్తూ మనుషులు, మృగాలు. ఆపైన గుండ్రటి కిటికీ చుట్టూ పూలూ పళ్లూ దేవదూతలూ కిక్కిరిసి ఉంటారు. బాల్కనీ మోసేవాళ్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు, ఒక్కో ముఖమూ చూడండి. తలపాగాలున్నవాళ్లు 1571 లెపాంటో యుద్ధంలో పట్టుబడిన టర్కీ బందీలని చెబుతారు. చిన్న బైనాక్యులర్స్ ఉంటే తప్పక తీసుకెళ్లండి.

మధ్యాహ్నం చాలా చర్చిలు మూసేస్తారు. ఎండ నడినెత్తికొస్తే నీడలు పోయి చెక్కడం కూడా సరిగా కనపడదు. ఆ వేళకు సాంత్ ఒరొంజో కూడలి చేరి రోమన్ల ఆంఫీథియేటర్‌ను పైనుంచి చూడండి. 20వ శతాబ్దం మొదట్లో బ్యాంకు భవనం కడుతుంటే బయటపడింది, చాలా భాగం ఇంకా కూడలి కిందే ఉంది. పక్కనే ఏదో ఒక కేఫ్‌లో ఐస్, బాదంపాలు కలిపిన కాఫీ, క్రీమ్ నింపి కాల్చే ఇక్కడి చిన్న పేస్ట్రీ, వేడి పాస్తిచ్చోత్తో తీసుకోండి. లోపలి క్రీమ్ నాలుక కాలుస్తుంది, జాగ్రత్త.

సాయంత్రం దువోమో, అంటే ఊరి ప్రధాన చర్చి, ఉన్న కూడలికి వెళ్లండి. లోపలికి వెళ్లగానే ఎదురుగా మెరిసేది చర్చి ముఖద్వారం కాదు, పక్క గోడ. వచ్చేవాళ్లకు ముందు కనపడేది ఇదేనని దీన్ని కట్టిన వాస్తుశిల్పి జుసెప్పె జింబాలో అలంకారమంతా దీనిమీదే పెట్టాడు. అసలు ముఖద్వారం చాలా సాదాగా, కాస్త చాటున ఉంటుంది. రెండూ చూశాకే పోల్చుకోండి. లోపలికి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ముఖ్యమైన చర్చిలన్నిటికీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది, పొద్దున్నే అది కొనేసుకుంటే మేలు.