బొమ్మ అంబాసిడర్‌కు కొత్త అద్దం: ఇంట్లోనే వాక్యూమ్ ఫార్మింగ్

పాత మోడల్ కారుకు మళ్లీ రంగు వేయొచ్చు, చక్రాలు మార్చొచ్చు. ముందు అద్దం పగిలితే మాత్రం చాలామంది ఆ కారును అట్టపెట్టెలో పడేస్తారు, అద్దం ఒక్కటే విడిగా దొరకదు కాబట్టి. నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ అద్దం మనమే చేసుకోవచ్చు.

నేను గుంటూరులో డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. క్లిప్పులు తీశాక పళ్లకు పెట్టుకునే పారదర్శక రిటైనర్లు చేయడం మా రోజువారీ పని. పళ్ల అచ్చు మీదకు వేడి షీట్ దించి, కింద నుంచి గాలి లాగేస్తే షీట్ అచ్చును కరుచుకుంటుంది. కారు అద్దానికీ ఇదే పద్ధతి. కాకపోతే రిటైనర్ పంటిని గట్టిగా పట్టుకుంటే చాలు, అద్దం మాత్రం అక్కడ ఉన్నట్టే తెలియకూడదు. అందుకే వేడి దగ్గర లెక్క మారుతుంది.

1/24 స్కేలు అంబాసిడర్‌నే తీసుకుందాం. అసలు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు, మోడల్ 18 సెంటీమీటర్లు. అచ్చు వేయాల్సింది వంపు ఉన్న ముందు, వెనక అద్దాలకే. తలుపుల అద్దాలు దాదాపు చదునుగా ఉంటాయి, షీట్‌లోంచి కత్తిరించి పెట్టేయండి.

ఏ షీట్ కొనాలి

పీఈటీజీ అనే పారదర్శక ప్లాస్టిక్ షీట్, 0.5 మిల్లీమీటర్ల మందం. డెంటల్ సామాన్లు అమ్మే షాపుల్లో 125 మిల్లీమీటర్ల చదరపు షీట్లు దొరుకుతాయి. రిటైనర్లకు వాడే గట్టి రకం అడగండి. అవి చాలావరకు పీఈటీజీవే, అయినా ప్యాకెట్ మీద చూసుకోండి. మెత్తటి రకం ఈవీఏ, మౌత్‌గార్డులకు వాడేది, అద్దానికి పనికిరాదు. ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక ఓహెచ్‌పీ షీట్ కూడా వద్దు. దాన్ని తయారీలోనే రెండువైపులా సాగదీసి ఉంచుతారు, వేడి తగలగానే ముడుచుకుపోతుంది. స్పైరల్ బైండింగ్ కవర్లు చాలావరకు పీవీసీ, మాడితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. వాటి జోలికి అసలు పోకండి.

అచ్చు

సగానికి పైగా సమయం ఇక్కడే పెట్టండి. పాత అద్దం పగిలినా, పసుపెక్కినా పారేయొద్దు, అదే మీ మూస. పగుళ్ల మీద బయటివైపు సెల్లోటేప్ అతికించి, లోపలివైపు సన్నగా వాజలైన్ రాసి, చుట్టూ మైనంతో గట్టు కట్టి, డెంటల్ స్టోన్ (పళ్ల అచ్చులకు వాడే గట్టి జిప్సం పొడి) కలిపి పోయండి. టైప్ 3 స్టోన్ అయితే 100 గ్రాములకు 30 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లలో పొడి వేయాలి గానీ పొడిలో నీళ్లు పోయకూడదు, బుడగలు చిక్కుకుంటాయి. ఒక మూల నుంచి కొద్దికొద్దిగా, గిన్నెను బల్లకేసి తడుతూ పోయండి.

లోపలివైపు నుంచి పోయడం వల్ల ఇంకో లాభం ఉంది. కొత్త షీట్ అచ్చు మీద పడుతుంది కాబట్టి దాని మందం బయటివైపుకి వస్తుంది, పాత అద్దం ఉన్న చోటే కూర్చుంటుంది. అద్దమే లేకపోతే, కిటికీ ఖాళీలో ఎం-సీల్ నింపి, గట్టిపడ్డాక పైభాగాన్ని షీట్ మందమంత అరగదీయాలి.

అచ్చు అడుగున కనీసం 6 మిల్లీమీటర్లు అదనపు ఎత్తు ఉంచండి. షీట్ అంచు దగ్గర ఎప్పుడూ గంటలా విచ్చుకుంటుంది, ఆ భాగం కోసి పారేసేదే. పక్కగోడలు పైకి వెళ్లేకొద్దీ కాస్త లోపలికి వాలాలి, లేకపోతే అచ్చు బయటికి రాదు.

అచ్చు ఒక రోజంతా ఆరనివ్వండి. తడి ఉంటే ఆవిరి పుట్టి అద్దం మీద మచ్చలు పడతాయి. ఆరాక స్టోన్ మీద సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. పలుచగా లక్కర్ పూసి, బాగా గట్టిపడ్డాక 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో వరుసగా తడిపి రుద్దండి. చివర్లో బ్రాసో పాలిష్. కిటికీ ఎదురుగా పట్టుకుని వాలుగా చూస్తే అచ్చు మీద కిటికీ ఊచల ప్రతిబింబం వంకర లేకుండా కనిపించాలి. ఎక్కడ ఆ గీత వణికిందో అక్కడ అద్దం కూడా వణుకుతుంది. వేలితో తడిమితే ఇది దొరకదు, కంటితోనే పట్టుకోవాలి.

పెట్టె

ప్లైవుడ్‌తో గాలి చొరబడని చిన్న పెట్టె చేయండి. పై పలక మీద సెంటీమీటరుకు ఒకటి చొప్పున 2 మిల్లీమీటర్ల రంధ్రాలు, చుట్టూ స్పాంజ్ టేప్, పక్కన వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టే కన్నం. అతుకులన్నీ సిలికాన్‌తో మూసేయండి. షీట్ పట్టుకోవడానికి రెండు ప్లైవుడ్ ఫ్రేములు, చుట్టూ బైండర్ క్లిప్పులు. ఇంట్లో వాడే క్లీనర్ వాతావరణ పీడనంలో ఐదో వంతు దాకా లాగగలదు, అంటే పైనున్న గాలి చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల బరువుతో షీట్‌ను నొక్కుతుంది. ఇంత చిన్న అద్దానికి అది చాలు. అచ్చును పలక మీద నేరుగా పెట్టకుండా కింద 2 మిల్లీమీటర్ల అట్టముక్క పెడితే అంచుల కింద నుంచి కూడా గాలి లాగుతుంది.

వేడి

ఓటీజీని (చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీలకు ముందే వేడి చేసుకోండి. వంటకు వాడనిదైతే మంచిది. కిటికీలు తెరవండి, ఫ్యాన్ మాత్రం ఆపేయండి. షీట్ మీది రక్షణ పొరను ఆఖరి నిమిషంలోనే తీయాలి, తీయగానే దుమ్మును లాక్కుంటుంది. షీట్‌కూ అచ్చుకూ మధ్య చిక్కిన ఒక్క నలుసు అద్దంలో బుడిపెలా నిలిచిపోతుంది.

ఇప్పుడు గడియారం వైపు కాదు, షీట్ వైపు చూడండి. మొదట అది పెనం మీది అప్పడంలా అలలు తేలుతుంది. ఆ దశలో తీస్తే పనవదు. కొద్దిసేపటికి అలలన్నీ పోయి షీట్ బిగుతుగా చదునవుతుంది. ఆ తర్వాత నడుమ మెల్లగా కిందికి జారడం మొదలవుతుంది. ఆ జారుడు సెంటీమీటరు లోపు ఉండగానే తీసేయండి. ల్యాబ్‌లో మేము ఇంకా కిందికి జారనిస్తాం, పంటి సందులన్నీ దిగాలి కాబట్టి. అద్దానికి అంత వేడి హాని. షీట్ ఎంత మెత్తబడితే అచ్చు మీది గీతలు అంత బాగా ముద్రపడతాయి. వంపును కప్పేంత వేడి చాలు, అంతకు మించి అక్కర్లేదు.

క్లీనర్ ముందే ఆన్ చేసి ఉంచండి. చేతి తొడుగులతో ఫ్రేము తీసి, తడబడకుండా నిటారుగా అచ్చు మీదకు దించి స్పాంజ్‌కు నొక్కండి. షీట్ క్షణంలో అతుక్కుంటుంది. పదిదాకా లెక్కపెట్టి క్లీనర్ ఆపేయండి. గాలి ఆడకపోతే దాని మోటారు వేడెక్కుతుంది. ముందు, వెనక అద్దాల అచ్చులు రెండూ ఒకే షీట్ కింద పెట్టినప్పుడు మూలల్లో మడత పడితే, అవి మరీ దగ్గరగా ఉన్నాయని అర్థం. షీట్‌లో బుడగలొస్తే తేమ ఉన్నట్టు, మిగతా షీట్లను 60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టండి.

కోత, అతుకు

అచ్చు మీద ఉండగానే సన్న మార్కర్‌తో గీత గీసుకుని, కొత్త బ్లేడుతో తేలికగా నాలుగైదుసార్లు గీరండి. ఒకేసారి బలంగా లాగితే బ్లేడు జారుతుంది, అద్దమూ పోతుంది, వేలూ తెగుతుంది. కాస్త పెద్దదిగా కోసి, 400 పేపర్ మీద అంచులు అరగదీస్తూ కిటికీలో సరిచూసుకోండి.

ఫెవిక్విక్ లాంటి గమ్ము వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్‌ను టూత్‌పిక్‌తో అంచుకు రాసి రాత్రంతా వదిలేయండి, ఆరాక కనపడదు. అతికించే ముందే అంచు చుట్టూ నల్ల పర్మనెంట్ మార్కర్‌తో సన్న గీత తిప్పితే అంబాసిడర్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ వచ్చేస్తుంది. హెడ్‌లైట్లకు పెట్టె కూడా అక్కర్లేదు. అసలు లైటు ఏడంగుళాలు, ఈ స్కేలులో 7.4 మిల్లీమీటర్లు. ఆ సైజుకు కొంచెం తక్కువగా ఉన్న పుల్ల కొసను గుండ్రంగా నునుపు చేసి, ఫ్రేములో వేడెక్కిన షీట్‌లోకి నొక్కి, చల్లారాక చుట్టూ కోసుకోండి.