అవకాడో టోస్ట్ బియ్యం డబ్బాలో మొదలవుతుంది

"నీ అవకాడో టోస్ట్ మా ఇంట్లో ఎవరూ తినలేదు" అని ఎవరైనా నాతో అన్నప్పుడల్లా నేను అడిగేది ఒకటే ప్రశ్న. పండు ఎప్పుడు కొన్నారు? "నిన్న సాయంత్రం" అంటారు. ఇక మిగతా కథ నాకు చెప్పనక్కర్లేదు. టోస్ట్ చేయడానికి పదిహేను నిమిషాలు చాలు. పండుకు మాత్రం మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఆ రోజులు మింగేసి పదిహేను నిమిషాల వంట అని చెప్పేవాళ్ల మీద నాకు కోపం.

ఇద్దరికి కావలసినవి: ఒక అవకాడో, నాలుగు బ్రెడ్ ముక్కలు, రెండు కోడిగుడ్లు, ఒక గట్టి టమాట, అర చెక్క నిమ్మకాయ, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి. పెంక (పెనం), ఫోర్క్, చిన్న గిన్నె ఉంటే చాలు. అవకాడో కోయడానికని అమ్మే ప్లాస్టిక్ కత్తులు కొనకండి.

పండు మాగబెట్టడం

అవకాడో చెట్టు మీద పండదు. చెట్టున కాయ ముదురుతుంది, అంతే. కోసిన తర్వాతే మెత్తబడటం మొదలవుతుంది. అందుకే హన్మకొండలో సూపర్ మార్కెట్‌కు వెళ్తే చాలాసార్లు రాయిలాంటి కాయలే కనిపిస్తాయి. అందులో తప్పేమీ లేదు. రాయిలాంటిదే కొనండి. మెత్తగా ఉన్నదాన్ని మీకంటే ముందు పదిమంది బొటనవేలితో నొక్కి ఉంటారు, ఆ నొక్కిన ప్రతిచోటా లోపల నల్లబడుతుంది.

సీతాఫలాలను బియ్యంలో పెట్టి మాగబెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లం కాబట్టి ఇది మనకు కొత్త విద్య కాదు. కాయను, ఒక పండిన అరటిపండును కలిపి పేపర్‌లో చుట్టి బియ్యం డబ్బాలో పూడ్చండి. అరటిపండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, కాయను పండించేది అదే. బియ్యం ఆ వాయువును చుట్టూ నిలబెట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్ కవర్‌లో మాత్రం చుట్టకండి, లోపల చెమ్మ చేరి తొడిమ దగ్గర బూజు పడుతుంది. తొందర పడి కార్బైడ్ లాంటివాటి జోలికి అసలు పోవద్దు. దానితో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. ఎండాకాలం సంగతి ఎవరూ చెప్పరు. అవకాడో చక్కగా మాగేది ఇరవై డిగ్రీల అటూఇటూ వేడిలో. మే నెలలో వరంగల్‌లో నలభై దాటిన రోజున బియ్యం డబ్బాలో పెడితే పైపొర మెత్తబడుతుంది, విత్తనం చుట్టూ గట్టిగా ఉండిపోతుంది, మధ్యలో గోధుమరంగు చారలు వస్తాయి. రెండేళ్లు నేను దుకాణాన్ని తిట్టాను, తప్పు నా డబ్బాది. ఇప్పుడు ఎండాకాలంలో పేపర్ పొట్లాన్ని రంజన్ (మంచినీళ్ల మట్టికుండ) పక్కన, నేల మీద, ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూలలో పెడుతున్నాను. ఒకరోజు ఎక్కువ పడుతుంది, పడనీయండి. గట్టి కాయను ఫ్రిజ్‌లో పెట్టారా, మాగడం ఆగిపోతుంది. తర్వాత బయట పెట్టినా ఒక్కోసారి రుచి రాదు.

మూడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం చూడాలి. రంగును నమ్మాలా వద్దా అన్నది రకాన్ని బట్టి ఉంటుంది. తోలు గరుకుగా ఉండి, పండేకొద్దీ నల్లబడేది హాస్ రకం. కాలిఫోర్నియాలో ఉత్తరాలు పంచే రుడాల్ఫ్ హాస్ పెంచిన చెట్టు నుంచి వచ్చింది, 1935లో పేటెంట్ కూడా తీసుకున్నాడు. కొడగు, వాయనాడ్, కొడైకెనాల్ వైపు తోటల నుంచి బటర్‌ఫ్రూట్ పేరుతో మనకు వచ్చే అవకాడోల్లో చాలా కాయలు తోలు నునుపుగా ఉండి, పండినా పచ్చగానే ఉంటాయి. నల్లబడుతుందని వాటి కోసం ఎదురుచూస్తే కుళ్లిపోయేదాకా చూస్తూనే ఉంటారు. మా తోడికోడలు సరిగ్గా అదే చేసింది.

కాబట్టి చెయ్యే నమ్మాలి. కాయను అరచేతిలో పెట్టుకుని మొత్తం చేత్తో మెల్లగా పిడికిలి బిగించండి, వేలికొనతో గుచ్చకండి. దోర జామకాయలా ఎదురు తిరిగితే ఇంకో రోజు ఆగాలి. కొంచెం లొంగి మళ్లీ నిలబడితే రేపటి నాష్టాకు సిద్ధం. వేళ్లు లోపలికి దిగిపోతే ఆలస్యమైనట్టే. అనుమానం ఉంటే తొడిమ బుడిపెను గోటితో కదపండి. ఊడకపోతే పచ్చిది. ఊడి కింద లేతాకుపచ్చగా కనిపిస్తే కోయవచ్చు. గోధుమరంగు కనిపిస్తే లోపల కూడా చాలావరకు అదే రంగు. ఈ తొడిమ పరీక్ష ఇంట్లో, మీ సొంత పండు మీద మాత్రమే చేయండి. దుకాణంలో చేస్తే తర్వాత కొన్నవాళ్ల పండు అక్కడి నుంచే పాడవుతుంది.

ఇన్ని చెప్పినా తొందరపడేవాళ్లు ఉంటారు. నేనూ పడ్డాను. హైదరాబాద్ నుంచి చుట్టాలు వచ్చిన రోజు పచ్చి కాయనే కోసి, మిక్సీలో తిప్పి పెట్టాను. మా అత్తమ్మ ఒక్క ముక్క కొరికి, "గిదేంది బిడ్డా, సబ్బు లెక్క ఉన్నది" అని పక్కన పెట్టి సర్వపిండి తెచ్చుకుంది. కోసిన పచ్చి కాయ ఇక సరిగ్గా మాగదు. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడుతుంది, కానీ అది ఉడికిన మెత్తదనం, పైగా చేదెక్కుతుంది. పచ్చిది కోశారని తెలిసిన మరుక్షణం టోస్ట్ ఆలోచన మానేసి ఉప్మా చేసుకోండి.

పండు సిద్ధమైందా, ఆ రోజు వీలు లేకపోతే అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజులు ఆగుతుంది.

కోయడం, నలపడం

నిలువుగా విత్తనం తగిలేదాకా కోసి చుట్టూ తిప్పి, రెండు చెక్కలను మెలిపెట్టి విడదీయండి. విత్తనంలోకి కత్తి దించి లాగే పద్ధతి వీడియోల్లో బాగుంటుంది, ఇంట్లో అరచెయ్యి తెగుతుంది. చెంచాతో తీయండి. గుజ్జు గిన్నెలో వేసి, ఉప్పు, నిమ్మరసం కలిపి ఫోర్క్‌తో నలపండి. అక్కడక్కడా ముక్కలు తగలాలి. మిక్సీ వాడితే మందు పూసినట్టు ఉంటుంది. ఎల్లిగడ్డ వేసేవాళ్లు ఉన్నారు. వేయకూడదు. అంత ధర పెట్టి కొన్న పండు వాసన దాని కింద పోతుంది.

టమాట

చక్రాలుగా కోసి, గింజలు, నీళ్లు తీసేసి, చిటికెడు ఉప్పు చల్లి ఐదు నిమిషాలు జల్లెడలో వదిలేయండి. ఈ ఐదు నిమిషాలు ఆగనివాళ్ల టోస్టే రెండో ముద్దకు నానిపోయి చేతిలో విరుగుతుంది.

గుడ్డు

మరిగే నీళ్లలోకి గుడ్డు దించి, బయట ఉన్నదైతే ఆరున్నర నిమిషాలు, ఫ్రిజ్‌లోదైతే ఏడున్నర. వెంటనే చల్లనీళ్లలో వేయండి. సొన జామ్‌లా ఉంటుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు మాత్రం పదకొండు నిమిషాలు, సొన గట్టిపడేదాకా. ఆ రోజు పెట్టిన గుడ్డు పెంకు సరిగ్గా రాదు, నాలుగు రోజులదైతే సులభం. ఆమ్లెట్ వేస్తే అది బ్రెడ్ ఆమ్లెట్, అవకాడో దండగ.

బ్రెడ్, చివరి పని

తియ్యటి మిల్క్ బ్రెడ్ వద్దు. నిన్నటి బ్రెడ్ అయితే ఇంకా మంచిది. పెంక మీద నూనె, వెన్న లేకుండా సన్నమంట మీద రెండు వైపులా కాల్చండి. గోటితో గీస్తే గరగర చప్పుడు రావాలి. పండులోనే కావలసినంత కొవ్వు ఉంది, మళ్లీ వెన్న ఎందుకు?

బ్రెడ్ దిగిన వెంటనే గుజ్జు పూసి, టమాట పరిచి, సగానికి కోసిన గుడ్డు పెట్టండి. పైన ఎండుమిర్చి. బయటి నుంచి వచ్చే చిల్లీ ఫ్లేక్స్ పొట్లాల కంటే మన చపాట మిర్చి నయం. చూడ్డానికి గుండ్రంగా ఉంటుందనే దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. వరంగల్ చపాటకు 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అనే గుర్తింపు కూడా వచ్చింది. తొడిమ తీసి, పెంక మీద ఒక్క నిమిషం వేయించి దంచితే వచ్చే వాసన ఏ సీసాలోనూ ఉండదు.

అర చెక్క మిగిలితే విత్తనం అందులోనే ఉంచితే నల్లబడదని చెప్తారు. విత్తనం కింద ఉన్నంత మేర నల్లబడదు, మిగతాది నల్లబడుతుంది. కోసిన ముఖానికి నిమ్మరసం రాసి, గాలి తగలకుండా కవర్ గట్టిగా అంటించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పైన సన్నటి గోధుమ పొర కనిపిస్తే చెంచాతో గీరేయండి, కింద పచ్చగానే ఉంటుంది.